మిగిలినవాటి పుట

మేడమీద ఆ రెండు గదుల్లో అందరూ ఆ అమ్మాయిని ధాతువమ్మ అనే పిలిచేవారు. ఏ మాట కనబడినా ముందు దాని ధాతువేమిటో తేలందే ఆమెకు కాలు నిలిచేది కాదు. తలుపు కిర్రుమన్నా ఆ కిర్రుకు ధాతువేమిటని అడుగుతుందని కింద ప్రెస్సులో వాళ్లు వేళాకోళం చేసేవారు. ఆమె నొచ్చుకునేది కాదు సరికదా, ఓ నిమిషం నిజంగానే ఆలోచించేది.

ఆ గదుల్లో తయారవుతున్నది అరబ్బీ నుంచి తెలుగుకు ఒక నిఘంటువు. కుర్చీ, జవాబు లాంటి మాటలు అరబ్బీలో బయలుదేరి ఎన్నడో మన నోళ్లలో కాపురం పెట్టేశాయి. వాటికి ఎవరి సాయమూ అక్కర్లేదు. పాత గ్రంథాల్లో ఎక్కడో ఓ చోట తళుక్కుమని, ఆ తర్వాత పలకరించేవాళ్లు లేక మూలన పడ్డ నామవాచకాల కోసం ఈ నిఘంటువు. అక్షరక్రమంలో కాదు, మూసల ప్రకారం. అరబ్బీలో మాటలు మూసలో పోసినట్టు తయారవుతాయి. మూడు హల్లుల ధాతువు ఒకటి తీసుకుని ఒక మూసలో పోస్తే పనిముట్టు పేరవుతుంది, ఇంకో మూసలో పోస్తే ఆ పని చేసేవాడి పేరవుతుంది. ఒక్కో మూసకు ఒక్కో పుట, ఒక్కోదానికి రెండు మూడు పుటలు.

ప్రతి పుట అడుగున, దాన్ని తయారుచేసిన మనిషి పేరులోని మొదటి అక్షరం చిన్నగా అచ్చవుతుంది. ధాతువమ్మ చేరినప్పటి నుంచీ చీటీలు సర్దింది, ప్రూఫులు దిద్దింది, ఇతరుల పుటలకు సాపు రాసింది. సొంత పుట అంటూ చేతికొచ్చింది ఇప్పుడే. వాళ్ల వంశంలో కాలేజీ మెట్లెక్కింది ఆమె ఒక్కతే. పుస్తకంలో అక్షరమంటూ పడితే అదే మొదటిది. కలప కోసే మిల్లులో పనిచేసే నాన్న ఫోన్ చేసినప్పుడల్లా అదే అడిగేవాడు.

"మన అక్షరం ఎప్పుడు పడుతుందే?"

"పుట నెగ్గాలి నాన్నా. నెగ్గకపోతే నాకు పని నేర్పే అర్థాల మాస్టారికి పోతుంది. అప్పుడు ఆయన అక్షరం పడుతుంది."

"ఆయనకి ఇప్పటికే బోలెడు పడుంటాయిగా. ఒకటి మనకి వదిలెయ్యమను."

ఆమెకు దక్కిన పుట మిగిలినవాటి పుట. ఒక పని చేస్తే రాలిపడేది, అడుగున మిగిలేది, పక్కకు పోయేది, వీటికి అరబ్బీలో ఒక ప్రత్యేకమైన మూస ఉంది. మొదటి హల్లుకు ఉకారం, రెండోదానికి దీర్ఘం, చివర ఓ అకారం. నషర అంటే రంపంతో కోశాడు. నుషార అంటే రంపపు పొట్టు. బరద అంటే ఆకురాయితో అరగదీశాడు. బురాద అంటే ఆ రాపిడికి రాలే ఇనుప రజను. నఖల అంటే జల్లించాడు. నుఖాల అంటే జల్లెడలో మిగిలే తవుడు. గోళ్లు తీసుకుంటే ఎగిరిపడే ముక్కకు కులామ, దువ్వెనకు చిక్కే వెంట్రుకలకు ముషాత, ఊడిస్తే పోగయ్యేదానికి కునాస. మనం అన్నిటినీ కలిపి చెత్త అని చేతులు దులుపుకునే చోట, వాళ్లు దేనికి దానికి పేరు పెట్టి కూర్చోబెట్టారు.

పుట అప్పగించిన రోజున పెద్దాయన, అంటే ఆ నిఘంటువుకు సంపాదకుడు, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి ఒక మాట చెప్పాడు. "ఈ మూసలో పడ్డదంతా చెత్తే అనుకోకు. కల్తీ పోయి తేటగా మిగిలిన సారాన్ని ఖులాస అంటారు. అదీ ఈ మూసే. మనం కులాసాగా ఉన్నారా అంటామే, ఆ మాటే దారిలో బట్టలు మార్చుకుని మన దాకా వచ్చింది."

ఆ రోజంతా ధాతువమ్మ కనబడిన ప్రతివాళ్లనూ కులాసాయేనా అని అడిగింది.

ఆమె ఉండేది పిన్ని ఇంట్లో. పిన్ని కుట్టుపని చేసేది. ముందు గదిలో మిషను, కత్తిరింపుల బల్ల, గోడకు కొలతల చీటీలు, నేలనిండా గుడ్డపేలికలు. ధాతువమ్మ సాయంత్రాలు ఆ పేలికల మధ్యే చతికిలబడి, రాసుకున్న అర్థాలు పైకి చదువుకునేది. పైకి చదివితేగాని వాక్యం కుంటుతోందో నడుస్తోందో ఆమెకు తెలిసేది కాదు. పిన్ని మిషను తొక్కుతూనే మధ్యలో ఓ చురక వేసేది.

"అరబ్బులకి చెత్త మీద అంత ప్రేమేంటే అమ్మడూ?"

"చెత్త కాదు పిన్నీ. పని గుర్తు. రంపపు పొట్టు ఉందంటే అక్కడ ఎవరో కోశారని."

"అయితే ఈ గదిలో నా గుర్తులు మోకాలి లోతున్నాయి. ఓ చీపురు తీసుకుని గౌరవంగా ఎత్తిపొయ్."

"వీటికీ మాటుంది. కుసాస. కత్తెరకి తెగిపడ్డ ముక్క."

"పేరు తర్వాత పెడుదువుగాని, ముందు చీపురు తియ్."

ఇలా నెలల తరబడి సాగింది. మిషను చప్పుడులో పిన్నికి ఏమీ వినబడదనే ధాతువమ్మ అనుకుంది.

పుట పూర్తయ్యాక అర్థాల మాస్టారు దాన్ని ఓసారి చూశారు. పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి రిటైరై వచ్చిన మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనరు, ధాతువమ్మంటే కన్నకూతురంత ఇష్టం. "అన్నీ బాగున్నాయమ్మాయ్. కానీ అచ్చులోకి వెళ్లే మాటకి కాస్త ఇస్త్రీ ఉండాలి," అని మూడు అర్థాలను తన చేత్తో తిరగరాసి ఇచ్చారు. చదువుతుంటే ఆ మూడూ ఆమెకు కొత్త చెప్పుల్లా కరిచాయి. కానీ పెద్దవారు, పైగా పని నేర్పినవారు. కాదనడానికి నోరు రాలేదు. అలాగే సాపు రాసేసింది.

ఇక మిగిలింది వినికిడి. అది ఆ గదుల్లో పెద్దాయన పెట్టిన ఆచారం. పాత అరబ్బీ నిఘంటువులు రాసినవాళ్లు చాలా చోట్ల ఒక చెట్టు పేరో వస్తువు పేరో ఇచ్చి, పక్కన "అందరికీ తెలిసిందే" అని ముగించేశారు. వాళ్ల కాలంలో అందరికీ తెలుసు. ఆ తెలిసినవాళ్లంతా పోయాక మాట మిగిలింది, వస్తువు పోయింది. అలాంటి ఒక మొక్కను వెతుకుతూ వయసులో సగం పోగొట్టుకున్నానని పెద్దాయన చెప్పుకునేవాడు. అందుకని ఏ పుటనైనా మూసేముందు, మాటేమిటో చెప్పకుండా ఉత్త అర్థాన్ని బయటి మనిషికి చదివి వినిపించాలి. విన్న మనిషి ఆ వస్తువును చేత్తో చూపించాలి, లేదా అదెక్కడ దొరుకుతుందో చెప్పాలి. తల ఊపితే లెక్కలోకి రాదు. మూడు తప్పితే పుట ఇంకొకరికి పోతుంది. వినే మనిషిని వంతులవారీగా ఎవరింటి నుంచి వాళ్లు తీసుకురావాలి.

ఈసారి వంతు ధాతువమ్మది. ఆమెకు ఆ ఊళ్లో ఉన్నది పిన్ని ఒక్కతే. పిన్ని నెలల తరబడి అవే అర్థాల మధ్య మిషను తొక్కిందన్న సంగతి మటుకు ఆమె బుర్రకు తట్టనే లేదు. మాటల్లో మునిగిన మనిషికి, పక్కన చెవులున్న మనిషి ఒకరు ఉన్నారని ఎక్కడ గుర్తుంటుంది?

పిన్ని తానే కుట్టుకున్న మంచి బట్టలు కట్టుకుని, ఇంటికి తాళం వేసి వచ్చింది. పేము కుర్చీలో కూర్చుని గది నాలుగు మూలలా ఓ చూపు తిప్పింది. గోడ పొడవునా చీటీల పెట్టెలు, కిటికీ పక్కన మంచినీళ్ల కూజా, దాని మీద బోర్లించిన గ్లాసు. కింద ప్రెస్సు ఆడినప్పుడల్లా ఆ గ్లాసు సన్నగా మోగుతోంది.

"మొదలుపెడదామా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

"కానివ్వండి సార్. నాకు చదువు లేదు, ముందే చెబుతున్నా."

"అలాంటివాళ్లే కావాలి మాకు. వినండి. వడ్రంగి రంపంతో కోస్తుంటే..."

"కాళ్ల దగ్గర పోగుపడే మెత్తని పొట్టు," అంది పిన్ని.

పెద్దాయన పుటలోకి చూశాడు. అక్కడ అక్షరాలా అలాగే ఉంది. ధాతువమ్మ చటుక్కున పిన్నివైపు తిరిగింది.

"గోళ్లు తీసుకునేటప్పుడు..."

"చిటుక్కున ఎగిరి, వెతికితే దొరక్క, తర్వాత కాలికి గుచ్చుకునే ముక్క." పిన్ని అంతటితో ఆగలేదు. "కులామ."

అర్థాల మాస్టారు దగ్గు వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి.

"అమ్మా, ఇవి మీరు ఇదివరకు విన్నారా?"

"అబ్బే, ఎక్కడ వింటాను సార్? మా ఇంట్లో అరబ్బీ ఎవరికొచ్చు?" అంది పిన్ని, కళ్లు పెద్దవి చేసి.

"మరి కులామ అన్నారు?"

"తోచిందండీ. గోరు చూస్తే కులామ అనే అనిపించదూ?"

అబద్ధమాడడం పిన్నికి చేతనవును, దాచడమే చేతకాదు. ధాతువమ్మ నోరు మూసుకుంటే పెద్దాయన నవ్వి ఊరుకుంటాడేమో, పుట నెగ్గుతుందేమో. కానీ అలా నెగ్గిన పుట అడుగున తన అక్షరం పడితే, దాన్ని నాన్నకు ఏ మొహంతో చూపిస్తుంది?

ఆమె లేచి నిలబడింది. "సార్, తప్పు నాది. ఇంట్లో పైకి చదువుకుంటూ రాశాను. పిన్నికి పుటంతా నోటికి వచ్చేసినట్టుంది."

"నోటికేంటే, నిద్రలో లేపినా చెబుతాను," అంది పిన్ని. అని నాలుక కరుచుకుంది.

ఈసారి పెద్దాయన ఆపుకోలేకపోయాడు. కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నవ్వు తగ్గాక మాత్రం మళ్లీ సంపాదకుడైపోయాడు. "బాగుంది. కానీ ఇది వినికిడి కాదు, పాఠం అప్పజెప్పడం. ఈ పుట ఇవాళ కిందికి దిగాలి. ఇవి ఇదివరకు వినని మనిషి కావాలి. లేకపోతే వచ్చే సంపుటికే."

వచ్చే సంపుటి అంటే ఎన్నేళ్లో ఎవరికీ తెలియదు. పిన్ని మొహం ముడుచుకుపోయింది. "నా చెవులు తగలెయ్య," అని గొణుక్కుంది.

సరిగ్గా అప్పుడే కింద ప్రెస్సు నుంచి బైండరు మెట్లెక్కి వచ్చాడు. ముక్కు మీద కోపం ఉన్న మనిషి. చేతులకు జిగురు, జుట్టు నిండా కాగితపు ముక్కలు. "పుట ఏదండీ? కింద మిషను ఆపుకుని కూచున్నాం. మీరు పైన నవ్వుకుంటున్నారు."

పెద్దాయన అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు. "నువ్వు ఈ పుట చదివావా?"

"నేను అంచులు కోస్తా సార్, చదవను. చదువుతూ కోస్తే వేళ్లు మిగలవు."

"అయితే కూర్చో."

పిన్నిని కిటికీ దగ్గరికి జరిపి, నోరు విప్పకూడదని మాట తీసుకున్నారు. బైండరు కుర్చీ అంచున కూర్చున్నాడు. రంపపు పొట్టు విని "అట్టల కొట్టు పక్క సందులో బస్తాలున్నాయి, తెమ్మంటారా?" అన్నాడు. గోరుముక్క విని తన బొటనవేలు చూపించాడు. కత్తెరకు తెగిపడే ముక్క అనగానే జుట్టు దులిపాడు. పెద్దాయన పుట మీద రాలినవాటిని ఊదుకుని ముందుకు సాగాడు. ఇనుప రజను, తవుడు, ఊడ్చిన దుమ్ము అన్నీ సాఫీగా గడిచాయి.

"కేశసంస్కరణ సమయమున స్ఖలితమైన రోమములు," చదివాడు పెద్దాయన.

బైండరు మొహం చిట్లించాడు. "సంస్కారమంటే... ఎవరైనా పోయారా?"

"దువ్వెన, నాయనా దువ్వెన!" అన్న మాట పిన్ని గొంతులో దాకా వచ్చి, రెండు చేతులు నోటికి అడ్డం పడి ఆగిపోయింది. ఒకటి తప్పింది.

ఇంకో నాలుగు నెగ్గాయి. ఆ తర్వాత తిని లేచాక బల్ల మీద మిగిలేదానికి పెట్టిన పేరు, కుషామ, వంతు వచ్చింది. పుటలో ఉన్నది: "భోజనానంతరము పీఠమున శేషించిన నిరుపయోగ పదార్థము."

"పీఠమంటే స్వాములవారిదా?" అన్నాడు బైండరు. "అక్కడ మిగిలింది నిరుపయోగమంటే గొడవలైపోతాయి సార్. నేను చెప్పను."

రెండు. ఇంకొకటి తప్పితే పుట పోయినట్టే.

మూడో ఇస్త్రీ అర్థం ఎక్కడుందో ధాతువమ్మకు కంఠతా తెలుసు. పుట చివర, అన్నిటికన్నా ఆఖరున, సుబాబ. సబ్బ అంటే పోశాడు. సుబాబ అంటే పోసేశాక మిగిలిన కాసిని నీళ్లు. దానికి మాస్టారు రాసి ఇచ్చింది "పాత్రాంతర్భాగమున అవశిష్టమైన అత్యల్ప జలము." పెద్దాయన చూపుడువేలు ఒక్కో మాటే దిగుతూ దానివైపు వస్తోంది. పెన్సిలు చెక్కితే రాలే పొట్టు నెగ్గింది. రాయి చెక్కితే రాలే పెళ్లలు నెగ్గాయి. వేలు ఆఖరి వరసకు వచ్చింది.

"సార్, ఒక్క నిమిషం." ధాతువమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. "చదవకముందు మార్చుకోవచ్చా?"

పెద్దాయన వేలు తీయకుండానే తలెత్తాడు. "చదివేదాకా పుట నీది. చదివాక నాది."

అంటే మార్చుకోవచ్చు. మార్చాలంటే మాత్రం మాస్టారు రాసిన వాక్యాన్ని మాస్టారి ఎదురుగానే కొట్టెయ్యాలి. ఆయన ఆమెకు చీటీ ఎలా పట్టుకోవాలన్న దగ్గర నుంచీ నేర్పిన మనిషి. మొదట్లో ఆమె తప్పులన్నీ ఎవరికీ తెలియకుండా తన చేత్తోనే దిద్దేసిన మనిషి. ఆమేమో ఇంట్లో పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పి ఎరగని పిల్ల. పెన్ను మూత తీసి, మాస్టారివైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి ఏదో తదేకంగా చూస్తున్నారు. అక్కడ చూడడానికి ఎదుటి మేడ గోడ తప్ప ఏమీ లేదు.

ఆయన చూడకుండా ఉండడమే తనకు ఇస్తున్న సెలవని ఆమెకు ఆలస్యంగా అర్థమైంది.

గీత కొట్టేసింది. పక్కన, ముందు తాను రాసుకున్న మాటలు కూడా కాక, అప్పటికప్పుడు తోచినట్టు రాసింది. సిరా ఆరకుండానే పెద్దాయన చదివాడు.

"కుండ వంచి ఉన్న నీళ్లన్నీ పోసేశాక కూడా, ఇంకా అడుగున కదులుతూ, గుక్కెడుకు చాలని నీళ్లు."

బైండరు లేచాడు. కిటికీ దగ్గరున్న కూజా ఎత్తి, గ్లాసు తిప్పి పెట్టి, ఉన్నదంతా అందులోకి వంచాడు. ధార సన్నబడింది, చుక్కలయింది, ఆగింది. అప్పుడు కూజాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల చిన్నగా గలగలమంది.

"ఇవేగా?" అన్నాడు. కూజాను అలాగే తెచ్చి పెద్దాయన చెవి దగ్గర కూడా ఊపాడు. "నాకు రోజూ ఇవే దొరుకుతాయి సార్. నింపేవాళ్లు ఉండరు ఈ ఆఫీసులో."

"నెగ్గింది!" పిన్ని కిటికీ దగ్గరే ఎగిరి గంతేసింది. "మాట తప్పలేదు సార్, అయిపోయాకే అన్నాను!"

గ్లాసులోని నీళ్లు బైండరు గటగటా తాగేశాడు. పెద్దాయన పుటను ధాతువమ్మ ముందుకు జరిపి, తప్పిన ఆ రెండూ కూడా ఇక్కడే తిరగరాయమన్నాడు. ఆమె రాసింది. "దువ్వెనకు చిక్కుకుని వచ్చే వెంట్రుకలు" అనగానే బైండరు "అది ముందే చెప్పొచ్చుగా, మా ఇంట్లో సబ్బుపెట్టె మీద ఉండ చుట్టి ఉంటాయి" అన్నాడు. "అందరూ తిని లేచాక బల్ల మీద చెదురుగా మిగిలేది" అన్నదానికి జవాబు చెప్పడానికి కూడా బద్ధకించి, మాస్టారి బల్ల మీద బిస్కట్టు పొడిని వేలితో చూపించాడు.

ధాతువమ్మ మాస్టారి దగ్గరికి వెళ్లి నిలబడింది. "మాస్టారూ, పుట అడుగున మీ అక్షరం కూడా వేద్దామండీ. సగం మీ పనే."

"ఇస్త్రీ చేసినవాడి పేరు చొక్కా మీద ఎవరు వేస్తారమ్మాయ్?" అన్నారాయన బిస్కట్టు పొడి తుడుచుకుంటూ. "అయినా వాటికి ఇస్త్రీ ఎక్కువై కొంచెం కాలిన వాసన వచ్చింది. నాకే వచ్చింది, చదువుతుంటే. చెప్పకూడదని ఊరుకున్నాను, నువ్వు చెబుతావేమోనని."

"నేను మీరేమనుకుంటారోనని ఊరుకున్నాను."

"ఇద్దరం కలిసి ఆ బైండరు కొంప ముంచబోయాం," అని ఆయన హాయిగా నవ్వారు.

పెద్దాయన తన పెన్ను ఇచ్చాడు. ధాతువమ్మ కుర్చీ లాక్కుని, సరిగ్గా కూర్చుని, పుట అడుగున తన పేరులోని మొదటి అక్షరం రాసింది. పిన్ని ఆమె భుజం మీదుగా వంగి చూసింది.

"ఇదేనా? ఇంతేనా?"

"ఇంతే పిన్నీ."

"మిరియపు గింజంత లేదు. నేను జేబు మీద కుట్టే గుర్తు కూడా దీనికంటే పెద్దగా కుడతానే."

"పెద్దగా రాస్తే అర్థాలకి చోటుండదు."

"అవునులే. అయినా మీ నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చూస్తాడు. రెండు జతలు పెట్టుకునైనా చూస్తాడు."

బైండరు అప్పటికే చెయ్యి చాపి నిలబడ్డాడు. "ఆరిందా? ఇక ఇస్తారా, లేక దీనికీ ధాతువు వెతకాలా?"

ధాతువమ్మ అక్షరం మీద ఒకసారి మెల్లగా ఊది, పుట ఇచ్చేసింది. అతను జిగురు చేతులు అంటకుండా దాన్ని రెండు అరచేతుల అంచుల మధ్య పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ దిగిపోయాడు. కాసేపటికి కింద మిషను మళ్లీ మొదలైంది. పిన్ని గదిలో అందరికీ చెప్పి బయలుదేరుతూ, ఖాళీ కూజా చంకన పెట్టుకుంది. పంపు ఎక్కడుందని అడిగింది.